లూమెన్ అడిగిన కోడు

ఆ మంగళవారం పొద్దున ఆవిడ మా ఆఫీసుకి వచ్చినప్పుడు చేతిలో బియ్యం సంచి ఉంది. రిసెప్షన్‌లో ఉన్న అమ్మాయి, చేపలు అమ్మడానికి వచ్చిందనుకుని వెనక గేటు చూపించింది. ఆవిడ కదల్లేదు. కుర్చీలో కూర్చుని, సంచిలోంచి మా కంపెనీ పెట్టెని తీసి ఒళ్ళో పెట్టుకుంది. అప్పుడు నన్ను పిలిచారు.

"నా పేరు ఇలుమినాదా సెబొల్యేనా. సపాంగ్‌లుమా పేట నించి వచ్చాను. లూమెన్ అంటే చాలు," అంది. యాభై దాటి ఉంటాయి. జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది. "ఈ పెట్టె మా పేటకి మీరే అమ్మారు. దీని లోపల నడిచే ప్రోగ్రాము కోడు కావాలి."

ఇంటిపేరు వినగానే కుర్చీ లాక్కుని ఆవిడ ఎదురుగా కూర్చున్నాను. ఆ పేరు నాకు నాలుగేళ్ళుగా తెలుసు.

మలోలోస్ పట్నంలో మాది చిన్న కంపెనీ, ముప్పై మందిమి. చేసేది ఒకటే సరుకు. మా బులకాన్ ప్రావిన్సు తీరంలో వానాకాలం అమావాస్యకీ పున్నమికీ సముద్రం వీధుల్లోకి వచ్చేస్తుంది. ఏ వీధికి ఎన్నింటికి నీళ్ళొస్తాయో ముందే లెక్కగట్టి, తూము షట్టరు దించి, పంపు ఆన్ చేసే పెట్టె మాది. ఆరువందల చోట్ల బిగించాం. డబ్బా మాదే, బ్యాటరీ మాదే, రేడియో మాదే. లోపల చంద్రుడి నడకనీ నేల ఎత్తునీ కలిపి లెక్క వేసే ప్రోగ్రాము మాత్రం మాది కాదు. ఇంటర్నెట్లో ఓపెన్ సోర్స్‌గా పెట్టి ఉంటే తెచ్చుకుని మాకు కావలసినట్టు మార్చుకున్నాం. రాసినావిడ పేరు ప్రతి ఫైలు నెత్తినా ఉండేది. అరవైమూడు ఫైళ్ళు. ఆ పేరు చెరిపింది నేనే.

ఆవిడ పెట్టెకి కరెంటు తగిలించమంది. చిన్న తెర వెలిగి, నీళ్ళు పెరుగుతున్నాయి అన్న హెచ్చరిక కనబడింది. ఆ మాట చివర ఒక అక్షరం రెండుసార్లు పడి ఉంది.

"తొమ్మిదేళ్ళ కిందట నా కీబోర్డులో ఆ మీట ఇరుక్కునేది. దిద్దుదాం దిద్దుదాం అనుకుంటూనే మర్చిపోయా," అంది. "మీ కీబోర్డులోనూ అదే మీట ఇరుక్కుందా బాబూ?"

నేను పెట్టె వైరు పీకేశాను.

"భయపడకు, తగువుకి రాలేదు. నా లైసెన్సులో ఏం రాశాను? వాడుకోండి, మార్చుకోండి, అమ్ముకుని బాగుపడండి అన్నాను. బదులుగా అడిగింది కొంచెమే. అమ్మితే, మీరు మార్చిన కోడు కొన్నవాళ్ళకి ఇవ్వండి, మీకిచ్చిన హక్కే వాళ్ళకీ ఇవ్వండి, పేర్లు చెరపకండి. మా పేట కొంది. అందుకే వచ్చా."

ఆ తర్వాత అసలు సంగతి చెప్పింది. వాళ్ళ నేల ఏటా మూడు వేళ్ళ మందం కుంగుతోంది. మా పెట్టెలో నేల ఎత్తు అన్న అంకెని ఫ్యాక్టరీలోనే బిగించేస్తాం. పెట్టె దృష్టిలో వాళ్ళ వీధి నాలుగేళ్ళ కిందట ఎక్కడుందో ఇప్పటికీ అక్కడే ఉంది. అందుకని పంపు గంట ఆలస్యంగా లేస్తోంది. మార్చమని ఫిబ్రవరి నించి ఉత్తరాలు రాస్తున్నారు. మాకున్నది ఇద్దరు మెకానిక్కులు.

"శనివారం పదిన్నరకి ఈ ఏడాదికల్లా పెద్ద పోటు," అంది. రెండు కాయితాలు తీసి, ఒకదాని మీద అందినట్టు నా చేత సంతకం పెట్టించుకుంది. రెండోది నాకిచ్చింది. నోటీసు అది. పెట్టెని మళ్ళీ సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

మా యజమాని ఒనొఫ్రె. కాలేజీలో నాకు రెండేళ్ళు పెద్ద. అప్పటినించీ కుయా నోఫ్రె, అంటే నోఫ్రె అన్నా, అనే పిలుస్తాను. నోటీసు చదివి బల్ల మీద పెట్టాడు.

"ఎంత కావాలంట?"

"డబ్బు అడగలేదు కుయా. కోడు అడిగింది."

"డబ్బు అడిగేవాళ్ళతో పేచీ లేదు, తేలిపోద్ది. ఇలాంటోళ్ళతోనే వస్తుంది చిక్కు." కాసేపు కిటికీలోంచి చూశాడు. "ఆవిడ ఊరికే పెట్టింది, మనం ఊరికే తీసుకున్నాం. అరుగు మీద పళ్ళెం పెట్టి పోతే తిన్నవాడిది దొంగతనమా?"

"పళ్ళెం పక్కన చీటీ కూడా పెట్టింది కుయా. మనం చదివే తిన్నాం."

"చదివింది నువ్వు. నాకు చెప్పిందీ నువ్వే. పైన నాలుగు లైన్లు శుభ్రం చెయ్యరా అంటే చేసిందీ నువ్వే."

అది నిజమే.

నోఫ్రె చెడ్డవాడు కాదు. మొదటి యాభై పెట్టెలు నడుములోతు బురదలో నిలబడి తన చేతుల్తో బిగించాడు. నాకు ఉద్యోగం లేని రోజుల్లో పిలిచి పని ఇచ్చాడు. ఆ రోజు అతని గొంతులో వినబడింది కోపం కంటే భయమే.

"విను. ఇవాళ కోడు బయటపెడితే, రేపు పక్క ప్రావిన్సు పంపాంగలో ఎవడో సగం ధరకి ఇదే పెట్టె చేస్తాడు. అప్పుడు ఈ ముప్పైమందీ ఏం తింటారు, లైసెన్సా? ప్రావిన్సు ప్రభుత్వం వాళ్ళు రెండువేల పెట్టెలు కొంటామంటున్నారు. గురువారం ప్రమాణపత్రం ఇవ్వాలి, సాఫ్టువేరు మొత్తం మన సొంతమని. దాని మీద చీఫ్ ఇంజినీరు సంతకం ఉండాలి. ఆ సంతకం నీది." ఇంకో కాయితం తీశాడు. "రేపు నువ్వే వెళ్ళు. కోడు మీద హక్కులేవీ అడగనని ఇందులో సంతకం పెట్టమను. పెడితే శుక్రవారం మెకానిక్కుని పంపి అంకె మార్పిస్తాను. పోటుకి ముందే."

బుధవారం నా సంచిలో ఆ కాయితం ఉంది. చొక్కా జేబులో ఎవరికీ చెప్పకుండా పెట్టుకున్న పెన్‌డ్రైవ్ ఉంది. కోడంతా అందులోకి ఎక్కించాను. పెట్టె డిజిటల్ తాళంచెవి కూడా. కొత్త ప్రోగ్రాము ఎక్కించాలంటే ఆ తాళం ఉంటేనే పెట్టె ఒప్పుకుంటుంది. జీప్నీ దిగి పడవెక్కి సపాంగ్‌లుమా చేరేసరికి పదకొండయింది.

ఆవిడ ఇంటి గడప లోపలికి తల వంచుకుని వెళ్ళాలి. నీళ్ళకి భయపడి నేలని మూడుసార్లు ఎత్తు చేశారు, కప్పు మాత్రం అక్కడే ఉంది. ఫ్రిజ్జు కింద సిమెంటు దిమ్మలు పేరుస్తోంది. నన్ను చూసి, "ఆ మూల పట్టు," అంది. పట్టాను. ఫ్రిజ్జు దిమ్మలెక్కాక చేతులు తుడుచుకుని, బంగుస్ చేప పులుసూ అన్నం ముందు పెట్టింది. కాయితం ఇచ్చి, సంతకం పెడితే శుక్రవారం మెకానిక్కు వస్తాడని చెప్పాను. చదివింది.

"అంటే నా ఇల్లు తడవకుండా చూస్తారు. మిగతా ఐదువందల తొంభైతొమ్మిది చోట్ల సంగతి?"

"నాకు తెలీదు ఆతే," అన్నాను, పెద్దక్కని పిలిచినట్టు.

"వచ్చే ఏడాది మా నేల మళ్ళీ కుంగుతుందిగా. అప్పుడు మళ్ళీ ఏం రాసిమ్మంటారు?"

కాయితం మడిచి నా పళ్ళెం పక్కన పెట్టింది. అప్పుడు నేను జేబులోంచి పెన్‌డ్రైవ్ తీశాను. ఆవిడ ముందు పెట్టాను.

"అంతా ఇందులో ఉంది. తాళంతో సహా. నేనిచ్చానని ఎవరికీ చెప్పకండి."

ఆవిడ దాన్ని ముట్టుకోలేదు. అంతలో గుమ్మంలోకి పేట పెద్ద, కపితాన్ రోగెల్ వచ్చాడు. పడవలో నన్ను చూసి వెనకే వచ్చినట్టున్నాడు. పెన్‌డ్రైవ్ వైపు చూడగానే అతనికి అర్థమైంది.

"తీసుకో ఆతే. ఇంకా చూస్తావేంటి?"

"ఇది దొంగచాటుగా తెచ్చింది, రోగెల్."

"నీళ్ళకి లైసెన్సులు చదవడం రాదు. శనివారం మా అమ్మ మంచం మునిగితే నీ లైసెన్సు దానికింద పెడతావా?"

ఆవిడ ముఖం తెల్లబోయింది. పులుసు మీద ఆవిరి పోయింది.

"ఇది తీసుకుంటే నేను దొంగనవుతాను, ఈ అబ్బాయి దొంగవుతాడు," అంది చివరికి. "రేపు ఆ కంపెనీవాళ్ళు మా సొత్తు ఎత్తుకుపోయారని కోర్టుకెక్కుతారు. అప్పుడు అది నిజంగానే వాళ్ళ సొత్తయిపోతుంది. నాది నాకు వీధి గుమ్మంలోంచి ఇవ్వాలి. నాకే కాదు, కొన్న ప్రతివాళ్ళకీ."

రోగెల్ ఏదో తిట్టుకుంటూ వెళ్ళిపోయాడు. ఆవిడ నా వైపు తిరిగింది.

"పేర్లు చెరిపింది ఎవరు?"

అబద్ధం చెప్పే వీలుంది. అయినా చెప్పేశాను. "నేనే ఆతే."

"నా పేరు కింద ఇంకో పేరుండేది, చూశావా?"

"ఫ్రాన్సిస్కో దులాయ్."

"మాంగ్ ఈస్కో అనేవాళ్ళం, పెద్దాయన కదా. రేవులో పోటు కొలిచే కర్ర దగ్గర ముప్పయ్యొక్క ఏళ్ళు పనిచేశాడు. రోజుకి నాలుగుసార్లు నోటుబుక్కులో అంకె రాసేవాడు. ఆ నోటుబుక్కులు లేకపోతే నా లెక్కే లేదు. తుఫానులో ఆ కర్ర దగ్గరే పోయాడు. పెళ్ళి లేదు, పిల్లల్లేరు. ఆయన పేరు ఆ ఫైళ్ళలో తప్ప లోకంలో ఇంకెక్కడా లేదయ్యా." గొంతు పెంచలేదు. "నా పేరుకేంలే, నేనింకా బతికే ఉన్నాగా."

పడవలో తిరిగి వస్తుంటే ఆ పెన్‌డ్రైవ్ జేబులో నిప్పుకణికలా ఉంది. నీళ్ళలోకి విసిరేద్దామనుకున్నాను. విసిరినంత మాత్రాన తీరేది కాదని తెలుసు.

గురువారం పది గంటలకి సంతకాలు. గదిలో నోఫ్రె, నేను, మా లాయరు అటార్నీ బెనిల్దా. ప్రావిన్సు మనిషి పదకొండున్నరకి వచ్చి కాయితాలు తీసుకెళ్తాడు. ప్రమాణపత్రంలో ఒక గడి ఉంది: ఇతరుల రచన ఏదైనా వాడి ఉంటే రాయండి. అటార్నీ ముందే అందులో 'లేదు' అని టైపు చేయించింది. నేను పెన్ను తీసుకున్నాను. 'లేదు' కొట్టేసి, ఇలుమినాదా సెబొల్యేనా, ఫ్రాన్సిస్కో దులాయ్ అని రాశాను. కింద లైసెన్సు పేరు రాశాను. నా సంతకం పెట్టాను.

నోఫ్రె చూశాడు. మెడ మీద నరం లేచింది.

"ఏంట్రా ఇది?"

"నిజం కుయా."

"ఇంకో కాపీ తియ్యి అటార్నీ. వీడు కాకపోతే ఇంకోడు పెడతాడు."

అటార్నీ కదల్లేదు. "ఒక్క నిమిషం. ఇది నిజమా?" అని నన్నడిగింది. ఆవిడకి ఎవరూ చెప్పలేదు. మంగళవారం నోటీసు కూడా చూపించలేదు. నేను తీసిచ్చాను. లైసెన్సు మొత్తం ఫోనులో తెరిచి ఇచ్చాను. ఆవిడ వేలితో ఒక్కో పేరా జరుపుతూ ఇరవై నిమిషాలు చదివింది. గడియారం పదకొండు దాటింది.

"సార్," అంది. "ఈ షరతులు తప్పిన రోజునే మనకున్న హక్కు పోయింది. అంటే నాలుగేళ్ళుగా అమ్మిన ప్రతి పెట్టే హక్కు లేకుండా అమ్మిందే. దానిమీద ప్రమాణం చేసి అబద్ధం రాస్తే మీరూ నేనూ కూడా జైలు గుమ్మం ఎక్కాలి. నేనెక్కను."

"అయితే మూసేద్దామా కంపెనీ?"

"కింద ఇంకో మాటుంది. మొదటిసారి తప్పు చేసినవాళ్ళు నోటీసు అందిన ముప్పై రోజుల్లో సరిదిద్దుకుంటే హక్కు తిరిగొస్తుంది. అమ్ముకోవద్దని ఆవిడ ఎక్కడా అనలేదు. ఎంతకైనా అమ్ముకోమంది. కోడు మాత్రం ఇవ్వమంది."

"ఇస్తే పంపాంగవాడు ఎత్తుకుపోతాడు."

"వాడు మార్చి అమ్మితే వాడి కోడూ మనకి దొరుకుతుంది సార్. షరతు వాడికీ అదే."

నోఫ్రె లేచాడు. కుర్చీ వెనక్కి పడింది. నా ముందుకొచ్చి నిలబడ్డాడు. కొడతాడనుకున్నాను.

"నీకు తిండి పెట్టింది ఆవిడా, నేనా?"

"నువ్వే కుయా."

"అయితే నీ సామాను తీసుకుని పో."

మెళ్ళో కార్డు తీసి బల్ల మీద పెట్టి బయటికొచ్చాను. ప్రావిన్సు మనిషి మెట్లెక్కి వస్తున్నాడు. నన్ను చూసి నవ్వి గుడ్ మార్నింగ్ చెప్పాడు. తర్వాత తెలిసింది, ఆయన ఖాళీ చేతుల్తోనే తిరిగి వెళ్ళాడని.

శుక్రవారం పొద్దునంతా ఇంట్లోనే ఉన్నాను. ఒంటిగంటకి అటార్నీ ఫోను చేసింది.

"లాప్‌టాప్ పట్టుకుని రా. సార్ ఒప్పుకున్నారు. నీతో మాత్రం మాట్లాడరు."

ఎందుకు ఒప్పుకున్నాడో నాకు ఇప్పటికీ తెలీదు. జైలు భయమే అనుకున్నాను మొదట. మెకానిక్కుల గదిలో కుర్రాళ్ళు వేరే చెప్పారు. గురువారం సాయంత్రం అక్కడికొచ్చి, పంపు ఆలస్యంగా లేస్తోందని వచ్చిన ఉత్తరాలన్నీ తీయించాడట. నూటనలభై పైనే. నిలబడే అన్నీ చదివాడట. రెండు కారణాలూ ఉండుంటాయి.

అరవైమూడు ఫైళ్ళకీ పేర్లు తిరిగి పెట్టాను. ఈసారి ఒక్కొక్క ఫైలూ తెరిచి చేత్తో పెట్టాను. నాలుగున్నరకి కోడంతా అందరికీ కనిపించేలా ఇంటర్నెట్లో పెట్టి, లూమెన్‌కి ఫోను చేశాను. ఆవిడ పేట ఆఫీసులో సిద్ధంగా ఉంది. అంకె మార్చి, ప్రోగ్రాము మళ్ళీ తయారుచేసి, పెట్టెకి ఎక్కించబోయింది. ఐదుంపావుకి మళ్ళీ ఫోను.

"పెట్టె ఒప్పుకోవట్లేదయ్యా. తాళం అడుగుతోంది."

నోఫ్రె ఒప్పుకున్నది కోడుకే. తాళం మాట ఎవరూ ఎత్తలేదు. అటార్నీ లైసెన్సు మళ్ళీ తెరిచింది. కొన్నవాడు తన పెట్టెలో తన ప్రోగ్రాము ఎక్కించుకోడానికి ఏది కావాలో అదీ ఇవ్వాలని అందులో ఉంది. కానీ నోఫ్రె అప్పటికే కారెక్కి వెళ్ళిపోయాడు. నా దగ్గర, ఆ పెన్‌డ్రైవ్‌లో, తాళం ఉంది. పంపడం ఒక్క క్షణం పని. 'వీధి గుమ్మంలోంచి' అన్న మాట గుర్తొచ్చింది.

నోఫ్రెకి ఫోను చేశాను. నాలుగుసార్లు మోగి ఆగిపోయింది. మళ్ళీ చేశాను. తీశాడు.

"కుయా, తాళం కూడా ఇవ్వాలి. లేకపోతే ఇచ్చిన కోడు ఇవ్వనట్టే. రేపు పదిన్నరకి పోటు."

అవతల రోడ్డు మీద హారన్లు వినబడుతున్నాయి. ఫోను పెట్టేశాడేమో అనుకున్నాను.

"ఇవ్వు," అన్నాడు. ఫోను పెట్టేశాడు. తాళాన్ని కూడా కోడు పక్కనే పెట్టాను.

శనివారం పొద్దున ఏడింటికే సపాంగ్‌లుమాలో ఉన్నాను. ఎవరూ రమ్మనలేదు. ఎండ కాస్తోంది, ఆకాశంలో మబ్బు లేదు. అలాంటి పొద్దుటి పూటే పోటు వస్తుంది, చప్పుడు లేకుండా. లూమెన్ తూము గట్టు మీద గొడుగేసుకుని కూర్చుంది. పక్కన రోగెల్, ఇంకో పాతికమంది. పాత లెక్క ప్రకారం పెట్టె తొమ్మిదీ ఇరవైకి లేవాలి. ఎనిమిదయింది. ఎనిమిదీ అయిదు. కాలవలో నీళ్ళు గట్టు రాళ్ళ మీద ఒక్కో వరసా మింగుతున్నాయి.

ఎనిమిదీ పన్నెండుకి షట్టరు కిర్రుమంటూ కదిలింది. కిందికి దిగి నీళ్ళలో మునిగి ఆగింది. ఆ వెంటనే పంపు దగ్గి, పట్టుకుంది. రోగెల్ ముఖం పక్కకి తిప్పుకుని కళ్ళు తుడుచుకున్నాడు.

పదిన్నరకి పోటు నిండుగా వచ్చింది. వీధిలో నీళ్ళు చీలమండ దాటలేదు. కిందటేడు ఇదే పోటుకి నడుము దాకా వచ్చాయట. చివర పల్లంలో రెండిళ్ళు మాత్రం మునిగాయి, వాటిని ఏ పంపూ ఆపలేదు. అందరం వెళ్ళి ఆ సామాను మోశాం. ఆ పొద్దుటికి కోడు తీసుకుని అంకె మార్చుకోగలిగినవి పదకొండు పేటలే. మిగతాచోట్ల పంపులు ఆలస్యంగానే లేచాయి. ఆ పదకొండింట్లో నాలుగింటికి రాత్రంతా ఫోనులో చెప్పి చేయించింది లూమెనే.

ప్రావిన్సు వాళ్ళు కొనుగోలు రెండు నెలలు వాయిదా వేశారు. ఆఖరికి సగం పెట్టెలు మాకిచ్చారు, సగం నోఫ్రె భయపడ్డట్టే పంపాంగ కంపెనీకి. వాళ్ళది మా కోడే, ధర తక్కువే. మాలో ఆరుగురి ఉద్యోగాలు పోయాయి. వాళ్ళలో ఇద్దరు ఇప్పటికీ నన్ను చూస్తే రోడ్డు దాటి పోతారు. డిసెంబరులో ఆ పంపాంగ వాళ్ళు బ్యాటరీ రెండింతలు నిలిచేలా ఒక మార్పు చేశారు. షరతు ప్రకారం బయట పెట్టారు. నోఫ్రె వారంలో దాన్ని మా పెట్టెల్లోకి ఎక్కించమన్నాడు. ఆ మాట నాతో కాదు, అటార్నీతో చెప్పించాడు.

ఆ రోజు పొమ్మన్నా, చివరికి నన్ను తీసెయ్యలేదు. కుర్చీ మాత్రం మార్చారు. ఇప్పుడు నా పని, కోడు కావాలని రాసే పేటలకి జవాబివ్వడం, వాళ్ళకి నేర్పడం. అలా వారానికోసారైనా పడవెక్కుతాను.

కిందటి నెల సపాంగ్‌లుమాలో ఇరవై పేటలవాళ్ళకి పాఠం పెట్టింది లూమెన్. చెప్పకుండా నోఫ్రె వచ్చాడు. వెనక బెంచీ మీద కూర్చుని గంటసేపు విన్నాడు. అయ్యాక ఆవిడ దగ్గరికెళ్ళి, మా రేడియో భాగాన్ని ఆవిడ ప్రోగ్రాములో ఎలా కలపాలో అడిగాడు. ఆవిడ కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, "ముందు కూర్చో. భోంచేశావా?" అంది. అతను లేదన్నాడు. ఇద్దరూ లోపలికి వెళ్ళారు. నేను బయట కుర్చీలు సర్దుతూ ఉండిపోయాను.